కెమెరాలో నూలు పోగు

ఫోటోలో ఆ వెంట్రుకను మొదట పట్టింది మా అవ్వ. కన్నతల్లిని మా వైపు అవ్వ అనే పిలుస్తాం. మా అవ్వ పేరు లచ్చవ్వ. ఒళ్లో బీడీల చాట పెట్టుకుని, నా కెమెరా వెనకున్న బుల్లి తెరలోకి తొంగిచూసి, "నా నొసటి మీద గా ఎంటిక ఏంది?" అంది. నొసలు తుడుచుకుంది. మళ్లీ ఫోటో తీశాను. వెంట్రుక అక్కడే ఉంది. లేచి వెళ్లి నున్నగా తల దువ్వుకుని వచ్చి కూర్చుంది. మళ్లీ తీశాను. ఉంది.

"నాది కాదు, నీ కెమెరదే" అని తేల్చేసి బీడీలు చుట్టడంలో పడింది.

నా కెమెరా నాకు కొత్తదేగానీ లోకానికి పాతది. కోరుట్లలో స్టూడియో నడిపే చంద్రమౌళి తనకు పెద్దది కొనుక్కుని దీన్ని అమ్మేశాడు. కొన్న డబ్బు అవ్వది. ఏళ్ల తరబడి బీడీలు చుట్టినందుకు జమైన పీఎఫ్ తీసి నా చేతిలో పెట్టింది. "డిగ్రీ సదివి నా పక్కపొంటి చాట వట్టుకోని కూసుంటవా? పో, గా ఫోటోల పనే నేర్సుకో" అంది. మాట అలా అన్నదేగానీ నా కోసం తెచ్చిన రెండో చాటను పారేయలేదు. అది గోడకు వేలాడుతూనే ఉంది. కెమెరా అన్నం పెట్టకపోతే ఆ చాట కిందికి దిగుతుంది. అటువైపు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

చంద్రమౌళి కెమెరాతో పాటు ఒక లెన్సు, ఒక ముసలి బ్యాటరీ, చార్జర్ ఇచ్చాడు. లెన్సుకు మూత కూడా లేదు. "మిగిలినయి నువ్వే కొనుక్కో చెల్లె. ఏది ముందుగాల గావాల్నో పని చేస్తుంటే నీకే ఎరుకైతది" అన్నాడు. ఎరుకే అయితే నిన్నెందుకు అడుగుతాను అనుకున్నాను, పైకి మాత్రం తల ఊపాను.

నా దగ్గర మిగిలింది రెండు వేలు. అది 2011. ఊరంతా తెలంగాణ ఎప్పుడొస్తుందని మాట్లాడుకుంటుంటే మా ఇంట్లో మాత్రం కెమెరాకు ముందు ఏం కొనాలని మాట్లాడుకునేవాళ్లం. అవ్వ మంచి సంచీ కొనమంది, ఏ వస్తువైనా ముందు పెట్టుకునే చోటు ఉండాలంది. రుద్రంగిలో ఉండే నా స్నేహితురాలు ప్రవళిక ఫ్లాష్ కొనమంది. ఆమె పెళ్లి వచ్చే వారమే, ఫోటోలు తీసేది నేనే. నా మొదటి పని అదే. "ఫ్లాష్ లేకపోతె మా అత్తగారోళ్లు నిన్ను ఫోటోగ్రాఫర్ అనుకోరే. మెరుపు మెరిస్తెనే ఫోటో దిగినట్టు ఆళ్లకు" అంది ఫోన్లో. అది నిజమే. నేనూ ఫ్లాష్ అనే అనుకున్నాను.

మా నాన్న బుచ్చయ్యను అడిగితే, ఆయన్ను మేం బాపు అంటాం, వేరే సంగతి చెప్పాడు. మా ఇంటి ముందరి గదిలో రెండు సాంచాలున్నాయి. సాంచె అంటే మరమగ్గం. రెండూ భీవండి నుంచి తెచ్చిన పాతవే. పాత సాంచె లారీ దిగితే మా సిరిసిల్లలో ఎవరూ దాన్ని ఉన్నదున్నట్టు నడపరు. ముందు విప్పుతారు, తుడుస్తారు, ఊదుతారు, నూనె పోస్తారు, మళ్లీ బిగిస్తారు. అప్పుడుగానీ అది మనది కాదు. అందుకని బాపు కెమెరాను అటూ ఇటూ తిప్పి, "ఇప్పి సూసినవా?" అన్నాడు.

"కెమెరను ఎవరన్న ఇప్పుతరా బాపూ?" అన్నాను.

నా చదువు మీద ఆయనకు జాలి కలిగినట్టుంది. దగ్గుకుంటూ సాంచె దగ్గరికి వెళ్లిపోయాడు. బాపు దగ్గు మాకు సాంచె చప్పుడులో ఒక భాగం. అంతకు ముందు ఎప్పుడో ఆరోగ్య శిబిరం పెట్టినవాళ్లు నేసేవాళ్లందరికీ మూతికి కట్టుకునే గుడ్డలు పంచారు. బాపు దాన్ని తీసుకొచ్చి నూనె డబ్బా మూతికి కట్టాడు. "నూనెల నూలు వడితె సాంచె ఖరాబైతది" అన్నాడు. అవ్వ తిట్టింది. గుడ్డ మాత్రం డబ్బాకే ఉండిపోయింది.

ఇక నేను వెంట్రుక వెంట పడ్డాను. లెన్సును నా చున్నీతో తుడిచాను, పోలేదు. కన్ను పెట్టి చూసే రంధ్రంలోంచి చూస్తే కనిపించదు, ఫోటోలో మాత్రం ఉంటుంది. ఇదేం మాయ అనుకున్నాను. ఎండలో తీస్తే నల్లగా, స్పష్టంగా ఉంది. నీడలో తీస్తే మసకబారి, కళ్లు చికిలించి వెతికితేగానీ దొరకలేదు. కెమెరాను తలకిందులుగా పట్టుకుని తీశాను. ఇంటి గోడ తలకిందులైంది, వెంట్రుక మాత్రం కదల్లేదు. గోడను తీసినా, మేకను తీసినా, ఆకాశాన్ని తీసినా ఎడమవైపు పైన అదే వంపుతో అలాగే పడుకుని ఉంది. నిజం చెప్పాలంటే కాసేపు నాకు భలే సరదా వేసింది. ఆ తర్వాత ప్రవళిక గుర్తొచ్చింది. పెళ్లికూతురి ముఖం మీద, తాళి మీద, తలంబ్రాల మీద ఈ వెంట్రుక పడితే నాకు డబ్బులెవరిస్తారు? రెండో పని ఎవరు చెబుతారు? గోడ మీది చాట నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

"మోసం జేసిండు" అన్నాను.

నాకంటే బాపుకే ఎక్కువ కోపమొచ్చింది. "పాత సాంచె అమ్మెటోడు సుత లోపం జెప్పి అమ్ముతడు. నడువు, అడుగుదాం."

ఆ రోజు తెలంగాణ బంద్. బస్సుల్లేవు. మర్నాడు పోదామంటే మర్నాడు కూడా బందే. బాపు బండి మీద బయల్దేరాం. వేములవాడ దాటి రుద్రంగి చేరేసరికి రోడ్డుకు అడ్డంగా రాళ్లు, వాటి మధ్య పొయ్యిలు, పొయ్యిల మీద పెద్ద పెద్ద గంజులు. తెలంగాణ కోసం వంటావార్పు అని ఊరు ఊరంతా రోడ్డు మీదే వండుకుంటోంది. ఒక పెద్దమ్మ గరిటె అడ్డం పెట్టి మా బండి ఆపింది. నా మెడలో కెమెరా చూసి, "పేపరోళ్లా బిడ్డా?" అంది. కాదన్నా వినలేదు. "తియ్యి, మా అందరి ఫోటో తియ్యి. అన్నం దిని పోండ్రి" అంది. తీశాను. జెండాలు, పొగ, నవ్వే ముఖాలు, వాటి పైన ఆకాశంలో మన వెంట్రుక. తెర మీద చూసుకుని పెద్దమ్మ, "గీ తీగ ఏందే? కరెంటు తీగనా?" అంది. అవునన్నాను. "కరెంటు రాదుగని తీగలు మాత్రం ఉంటయి" అని ఆమె నవ్వింది. సాంబారు బాగుంది.

కోరుట్లలో చంద్రమౌళి స్టూడియో తలుపు సగమే తెరిచి ఉంది. నేను లోపలికి పోయీ పోకముందే మొదలుపెట్టాను. ఆడపిల్లనని మోసం చేశావా, మా అవ్వ వేళ్లు అరిగిపోయేలా చుట్టిన బీడీల పైసలివి, అని దులిపేశాను. చంద్రమౌళి అంతా విన్నాడు. నీళ్ల గ్లాసు నా ముందుకు జరిపాడు.

"కార్డుల మొదటి ఫోటో సూపియ్యి చెల్లె" అన్నాడు.

కొన్న రోజు అతని దుకాణంలోనే నేర్చుకుంటూ తీసిన ఫోటో అది. తెల్లగోడ ముందు చంద్రమౌళి నిలబడి ఉన్నాడు. వెనక్కి వెనక్కి జరుపుకుంటూ వెళ్లి చూశాను. గోడ అద్దంలా ఉంది. వెంట్రుక లేదు. తర్వాతి ఫోటో మా ఇంటి ముందు తీసింది. అందులోనూ లేదు. ఆ తర్వాతి రోజు తీసిన అవ్వ ఫోటోలో ఉంది.

"నా తాన లేదు. మీ ఇంటికి పొయ్యినంక ఎక్కింది" అన్నాడు.

బాపు గోడ మీది పెళ్లి ఫోటోలను అంత శ్రద్ధగా ఎందుకు చూస్తున్నాడో అప్పుడు నాకు తెలియలేదు.

చంద్రమౌళికి కోపం రాలేదు, అదే నాకు ఇంకా కష్టంగా ఉంది. "నేను లోపల చెయ్యి పెట్ట, నాకు భయం. జగిత్యాలల సామేలు అని ఉన్నడు. కెమెరలు బాగు జేస్తడు, సామాను సుత అమ్ముతడు. ఫోన్ జేసి చెప్త, పోండ్రి" అన్నాడు. మళ్లీ బండెక్కాం. మేడిపల్లి దాటాక ఇంకోచోట ఆపారు. అక్కడ జై తెలంగాణ అనిపించుకుని వదిలారు. బాపు దగ్గు మధ్యలో పెట్టుకుని అన్నాడు.

జగిత్యాలలో సామేలు దుకాణం షట్టరు మోకాళ్ల ఎత్తు వరకే లేపి ఉంది. వంగి దూరాం. లోపల నాకు మతి పోయింది. ఒక అర నిండా ఫ్లాష్ లు, ఒక మూలన స్టాండ్లు, గాజు బిళ్లలు, మూతలు, పట్టీలు, బ్యాటరీలు. ఒక్కోటి ముట్టుకుని ఇదెందుకు, అదెందుకు అని అడిగాను. సామేలు విసుక్కోకుండా చెప్పాడు. తర్వాత కెమెరా తీసుకుని, ఒక బొత్తాం నొక్కి లెన్సును తిప్పి ఊడదీశాడు. లోపల చిన్న అద్దం ఉంది, అది పైకి లేస్తే దాని వెనక ఇంకో గాజు పలక. లోకం వచ్చి పడేది ఆ పలక మీదేనట. దాని మీద ఏది కూర్చున్నా ప్రతి ఫోటోలో అదే చోట కూర్చుంటుందట. లెన్సు ఎంత తుడిచినా ఎందుకు పోలేదో, రంధ్రంలోంచి ఎందుకు కనిపించలేదో అప్పుడు తెలిసింది. ఇంత సులువా అని ఆశ్చర్యపోయాను.

సామేలు టేబుల్ మీద తెల్ల కాగితం పరిచాడు. కెమెరాను బోర్లా పట్టుకుని, ముక్కున్న రబ్బరు బంతి ఒకటి తీసి దాని మూతి దగ్గర పెట్టి నొక్కాడు. బుస్సుమంది. కాగితం మీద ఏదో రాలింది. ముగ్గురం వంగి చూశాం.

అది వెంట్రుక కాదు, నూలు పోగు. గులాబీ రంగుది.

"వారీ, కెమెర సుత ఉద్యమంల దిగిందా?" అని సామేలు నవ్వాడు.

నేను నవ్వలేదు. మా సాంచాల మీద ఎప్పుడూ తెల్లగుడ్డే నేస్తారు. ఆ నెలలోనే ఉద్యమానికి కండువాలు కావాలని ఎవరో ఆర్డరిస్తే గులాబీ నూలు ఎక్కించారు. ఇంట్లో అన్నం మీద, పక్కబట్టల మీద అదే రంగు. బాపు వైపు తిరిగాను. ఆయన ఆ పోగును వేలికొసకు అంటించుకుని వెలుతురులో పెట్టి చూస్తున్నాడు.

"గిది మన నూలే" అన్నాడు. పోగును కాగితం మీద దులిపేసి, "నేనే ఇప్పిన బిడ్డా" అన్నాడు.

"ఎప్పుడు?"

"నువ్వు తానానికి పొయ్యినప్పుడు. పాత మిషిని ఇంటికత్తె ఇప్పకుంట ఎట్లనే? గా బొత్తాం ఒత్తి తిప్పితె అచ్చింది. లోపల దుమ్ము ఉంటదని గట్టిగ ఊదిన. మల్ల బిగించిన. నూనె మాత్రం పొయ్యలే."

సామేలు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "నూనె పొయ్యనందుకు నీ కాళ్లు మొక్కాలె కాకా!"

చంద్రమౌళిని నేనన్న మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చి నాకు ముఖం కాలిపోయింది. బాపు మీద అరవాలనిపించింది. కానీ ఆయన ముఖం చూస్తే అరిచేలా లేదు. తలంటు పోసుకున్న పిల్లాడిలా బిక్కమొహం వేశాడు.

"నోటితోని ఎన్నడూ ఊదద్దు కాకా" అన్నాడు సామేలు. "దాని లోపలిది బయటికి రాదు. మన లోపలిది దాంట్లకు పోతది."

బాపు నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగేదాకా మేం ఊరికే నిలబడ్డాం. ఆ పోగు గదిలోని గాలిలోంచి పడిందా, బాపు ఊపిరిలోంచి వచ్చిందా అని నాకు అనుమానం పట్టుకుంది. సామేలును అడుగుదామనుకుని మానేశాను.

ఇప్పుడు కొనాల్సిన సంగతి. ఫ్లాష్ చేతిలోకి తీసుకున్నాను. పాతదే అయినా నా రెండు వేలూ దానికే సరి. సామేలు ఇంకోవైపు నాలుగు వస్తువులు పెట్టాడు. ఊదే రబ్బరు బంతి, లెన్సు ముందు బిగించే గాజు బిళ్ల, మూత, ఇంకో బ్యాటరీ. అన్నీ కలిపి రెండు వేల లోపే. "మెరుపు గావాల్నా, కాపాడుకునుడు గావాల్నా నువ్వే సూసుకో చెల్లె. నేనైతె ఏదైనా అమ్ముత" అన్నాడు. ప్రవళిక అత్తగారోళ్లు కళ్లముందు మెదిలారు. ఫ్లాష్ బరువు చేతికి ఎంతో బాగుంది. అప్పుడు కరెంటు పోయింది. దుకాణం చీకటైంది. చార్జింగ్ ఎక్కని ముసలి బ్యాటరీ సగం పెళ్లిలో ఊపిరొదిలితే మెరుపు దేన్ని మెరిపిస్తుంది? ఫ్లాష్ ను తిరిగి అరలో పెట్టేశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. చీకట్లో ఎవరూ చూడలేదు, అదే నయం.

బాపు మాత్రం ఆ గాజు బిళ్లను, మూతను తిప్పితిప్పి చూశాడు. "మిషినికి ఇన్ని తీర్ల మూతులు మూసేటియి ఉంటయా!" అని ఆశ్చర్యపోయాడు. తిరిగి వస్తూ కోరుట్లలో ఆగి చంద్రమౌళికి మాఫీ చెప్పుకున్నాను. నూనె సంగతి చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు.

పెళ్లికి ఫ్లాష్ లేకుండానే వెళ్లాను. దానికి బదులు బాపు ఇంట్లో మిగిలిన తెల్లగుడ్డ రెండు గజాలు కోసిచ్చాడు. అవ్వ నాతో వచ్చి దాన్ని ఎండకు ఎదురుగా పట్టుకుంది. వెలుగు ఆ గుడ్డ మీద పడి ప్రవళిక ముఖం మీదికి తిరిగింది. పెళ్లికొడుకు మేనత్త చూసి, "అడ్డుతెర మల్ల పట్టిరేందమ్మా?" అని గాభరాపడింది. సగం పెళ్లిలో పాత బ్యాటరీ పోనే పోయింది. రెండోది వేశాను. ఒక్క ఫోటోలో కూడా పోగు లేదు. ఆల్బం చూసి ప్రవళిక తన ముఖాన్ని తానే మళ్లీ మళ్లీ చూసుకుంది. ఆమె ఆడబిడ్డ పెళ్లి కూడా నాకే చెప్పారు. ఇంటికొచ్చాక అవ్వ గోడ మీది చాట తీసి పొరుగింటి నర్సవ్వకు ఇచ్చేసింది. నేను ఎగిరి గంతేశాను.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కెమెరా మెడలో వేసుకుని సాంచాల గదిలోకి వెళ్లాను. రెండు సాంచాలూ మోగుతున్నాయి. బాపు నన్ను చూసి చప్పుడు మీదుగా గట్టిగా అరిచాడు.

"బయటికి పో! గీ గాలిల దాన్ని తీయకు, ఖరాబైతది!"

ఆయన కనుబొమలు గులాబీ రంగులో ఉన్నాయి. మీసం కూడా. కెమెరాకు పనికిరాని గాలిలో తాను ఇన్నేళ్లుగా నిలబడి ఆ మాట అన్నాడు, ఏమాత్రం తడబడకుండా. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. అది ఎవరి మీదో కూడా తెలియలేదు. నేను బయటికి పోలేదు. పైకప్పు పెంకుల మధ్య ఒక అద్దపు పెంకు ఉంది. అందులోంచి ఎండ ఏటవాలుగా బాపు మీద పడుతోంది. ఆ వెనక గోడ నల్లగా ఉంది. ముందు గాజు బిళ్ల ఉందిలే అనుకుని రెండు ఫోటోలు తీశాను.

కరెంటు పోయింది. సాంచాలు ఆగాయి. చెవులు గుయ్యిమన్నాయి. కెమెరా తెర తిప్పి బాపుకు చూపించాను. నల్లగోడ ముందు ఆయన, ఆయన చుట్టూ తెర నిండా చుక్కలు, వంపు తిరిగిన చిన్న చిన్న పోగులు. లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు.

బాపు ముఖం మాడిపోయింది. "మల్ల వడ్డదా! నేను జెప్పలే? లోపలంత నూలే నిండింది. జెల్ది ఊదు!" అని నా సంచీలోంచి రబ్బరు బంతి తానే లాగాడు.

"కెమెరల లేదు బాపూ."

"మరి గిదంత ఏంది?"

రెండో ఫోటో చూపించాను. "అప్పుడు ఎంటిక ఉన్న చోటనే ఉంటుండె గదా. గివి సూడు. ఒక్కో ఫోటోల ఒక్కో తాన ఉన్నయి. లోపల ఉంటె కదలయి. నువ్వు నిలవడ్డ గాలిలనే ఉన్నయి."

ఆయన ఒక ఫోటో చూశాడు, రెండోది చూశాడు, మళ్లీ మొదటిది చూశాడు. తర్వాత తలెత్తి, పెంకులోంచి పడుతున్న ఎండను చూశాడు. చేతిలోని రబ్బరు బంతిని ఆ ఎండలోకి పెట్టి నొక్కాడు. పోగులు పక్కకు జరిగాయి. మెల్లగా తిరిగొచ్చి మళ్లీ అక్కడే తేలాయి. ఇంకోసారి నొక్కాడు. మళ్లీ వచ్చాయి. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నా వైపు చూడలేదు.

నూనె డబ్బా దగ్గరికి వెళ్లి, దాని మూతికి కట్టిన గుడ్డను విప్పాడు. పైవైపు గులాబీ నూలు మందంగా పేరుకుని ఉంది. వేలితో గీసి చూశాడు. లోపలివైపు నూనెతో నల్లబడింది. వాసన చూసి, మళ్లీ డబ్బాకే కట్టేశాడు.

"గిది ఇగ పనికిరాదు" అన్నాడు. "మల్ల జగిత్యాల పొయ్యినప్పుడు నా మూతికి సరిపొయ్యేది ఒకటి పట్టుకరా బిడ్డా."